నలుగురిలో మరమనిషి ఎవరివైపు చూస్తుంది?

మరమనిషి అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది 2010లో వచ్చిన ‘రోబో’ సినిమా. రజనీకాంత్ ముఖంతో నడిచొచ్చి, అడిగిన పనల్లా చేసిపెట్టి, చివరికి ఊరి మీద పడే ఆ మరమనిషిని చూసి మా పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ‘అమ్మయ్య, ఇది సినిమా కాబట్టి సరిపోయింది’ అనుకుని బయటికొచ్చాను.

నిజం మరమనుషులు అలా వుండవట. కార్ల ఫ్యాక్టరీల్లో బోల్టులు బిగించేవి కొన్ని, గోడౌన్లలో పెట్టెలు మోసేవి కొన్ని. అవి మన గడప తొక్కవు కాబట్టి వాటితో మనకి పేచీ లేదు. ఇప్పుడు ఇంకో రకం వచ్చాయి. వాటిని సోషల్ రోబోలు అంటున్నారు. అవి బరువులెత్తవు, అంట్లు తోమవు. మనుషుల్ని పలకరించడం, చెప్పింది వినడం, తిరిగి జవాబివ్వడం, ఇదే వాటి ఉద్యోగం. ‘ఇదీ ఒక పనేనా!’ అనకండి. పేరంటానికి వచ్చిన పదిమందినీ పలకరించి, ఎవరి మనసూ చిన్నబోకుండా గుమ్మం దాకా సాగనంపడం ఎంత పనో ఇల్లాళ్లం మనకి తెలీనిదా?

ఇలాంటిదొకటి మన హైదరాబాద్‌లోనే పెద్దల సభలో కనబడింది. 2017 నవంబర్ 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది, గుర్తుందా? మహిళలకే పెద్దపీట అని చెప్పి జరిపిన సదస్సు అది. ప్రధాని నరేంద్ర మోదీ, అమెరికా నుంచి వచ్చిన ఇవాంకా ట్రంప్ వేదిక మీద వుండగా, బెంగళూరులో తయారైన ‘మిత్ర’ అనే మరమనిషి వాళ్లని పలకరించింది. వాళ్లు బటన్ నొక్కారు, సదస్సు మొదలైంది. చూడ్డానికి ముచ్చటగానే వుంది. కానీ అది ఎవరెక్కడ నిలబడాలో, ఎవరెప్పుడు మాట్లాడాలో ముందే అనుకుని చేసే సభ. మన ఇళ్లల్లో ఏ సాయంత్రమైనా అలా వుంటుందా చెప్పండి!

ఈ సంగతి నేను ఇంత పట్టించుకోవడానికి కారణం మా అమ్మ.

తమ్ముడి ఆలోచన – అమ్మ ప్రశ్న

అమ్మకి 76 ఏళ్లు. తెనాలిలో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో ఒక్కతే వుంటోంది. నేను విజయవాడలో, పెద్ద తమ్ముడు సిడ్నీలో, చిన్నవాడు డల్లాస్‌లో. ఎవరెంత బతిమాలినా ఆ ఇల్లు వదిలి రానంటుంది. పోయిన వేసవిలో చిన్నవాడు ఫోన్ చేశాడు.

“అక్కా, ఇక్కడ పెద్దవాళ్లకి తోడుగా మాట్లాడే రోబోలు వచ్చాయి. ఎల్లీక్యూ అని ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రం వాళ్లు 800 మందికి పైగా పెద్దవాళ్ల ఇళ్లకి దాన్ని ఇస్తామని 2022లోనే ప్రకటించారు. బల్ల మీద చిన్న దీపంలా వుంటుంది, తలూపుతూ మాట్లాడుతుంది, మందులేసుకున్నారా అని అడుగుతుంది. అలాంటిది తెలుగు మాట్లాడేది దొరికితే అమ్మకి పంపిద్దాం. ఖర్చంతా నాది” అన్నాడు.

వాడి గొంతులో బెంగ నాకు తెలుస్తూనే వుంది. వాడు అమ్మని చూసి మూడేళ్లయింది.

తెనాలి వెళ్లినప్పుడు అమ్మకి ఈ మాట చెప్పాను. వేరుశనక్కాయలు వొలుచుకుంటూ అంతా విని, ఒకే ఒక్కటి అడిగింది.

“నాతో మాట్లాడుతుంది, సరేనే. మధ్యాహ్నం మేం నలుగురం వసారాలో కూర్చుంటాం కదా. అప్పుడది ఎవరివైపు చూస్తుంది?”

ఆ నలుగురి సంగతి చెప్పాలి మీకు. మూడు కొట్టేసరికి పక్కింటి పిన్నిగారు వస్తారు. ఆవిడకి చెవుడు, అందుకని నవ్వుతూ కూర్చోవడమే గాని మాట తక్కువ. ఎదురింటి టీచరమ్మగారు రిటైరై పదేళ్లయినా ఇంకా క్లాసు చెబుతున్నట్టే మాట్లాడతారు. వెనకవీధి నుంచి ఒక కోడలుపిల్ల నాలుగేళ్ల కొడుకుని వెంటేసుకుని వస్తుంది. నాలుగో మనిషి అమ్మ. ఐదింటిదాకా అక్కడ ఊరి సంగతులు, ఊరగాయలు, కష్టసుఖాలు అన్నీ నడుస్తాయి. అమ్మకి రోజంతా ఒక ఎత్తు, ఆ రెండు గంటలూ ఒక ఎత్తు.

అమ్మ ప్రశ్న మా అమ్మాయికి చెప్పాను. అది హైదరాబాద్‌లో ఎం.టెక్ చదువుతోంది. “అమ్మమ్మ ఎంత మాట అడిగింది! పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నతోనే” అంది. దాని సెమినార్ కూడా ఆ విషయం మీదేనట. దసరా సెలవులకి వచ్చినప్పుడు నేను కూరలు తరుగుతుంటే పక్కన కూర్చుని రోజుకింత చెప్పింది. ఇంటర్‌తో చదువాపేసిన నా బుర్రకి ఎక్కినంత మీకూ చెబుతాను.

ఒకరితో సులువు, నలుగురితో చిక్కు

ఎదురుగా ఒక్కరే వుంటే మరమనిషికి పని తేలికట. వినిపించే గొంతు ఒకటే. అది ఆగిందంటే ‘ఇక నా వంతు’ అనుకుంటుంది. నలుగురు చేరితే ఆ లెక్క తప్పిపోతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడతారు, ఒకరి మాట మధ్యలో ఇంకొకరు అందుకుంటారు. వెనక టీవీ, పైన ఫ్యాను, వంటింట్లో కుక్కర్ విజిల్!

మన చెవులు ఎంత గొప్పవో ఇప్పుడు తెలిసింది నాకు. పెళ్లిపందిట్లో అంత బాజాలమోతలో కూడా ఏ మూలో ఎవరో మన పేరంటే టక్కున తల తిప్పుతాం. యంత్రానికి ఆ వరం లేదు. అందుకని దానికి ఒక మైకు కాక నాలుగైదు మైకులు దూరదూరంగా పెడతారు. ఒక మైకుకి ముందు, ఇంకో మైకుకి రవ్వంత వెనగ్గా శబ్దం చేరుతుంది. ఆ తేడాని బట్టి గొంతు ఏవైపు నుంచి వచ్చిందో లెక్కేస్తుంది. పైగా కెమెరా కళ్లతో ఎవరి పెదవులు కదులుతున్నాయో చూసుకుంటుంది. ఇంతా చేస్తే ‘ఎవరు మాట్లాడారు’ అన్నంతవరకే. ‘ఎవరితో మాట్లాడారు’ అన్నది ఇంకో చిక్కు. టీచరమ్మగారు “మంచినీళ్లు కావాలి” అంటే అది అమ్మతో అన్నారా, ఎదురుగా వున్న మరమనిషితో అన్నారా?

నిలబడే తీరు కూడా దానికి నేర్పాలట. నలుగురు నిలబడి మాట్లాడుకునేటప్పుడు మనకి తెలీకుండానే గుండ్రంగా చేరి, మధ్యలో కాస్త చోటు వదిలేస్తాం. ఐదో మనిషి వస్తే అంచున ఆగుతాడు, మిగతావాళ్లు కొంచెం జరుగుతారు, అప్పుడు కలుస్తాడు. ఆడమ్ కెండన్ అనే ఆయన మనుషులు నిలబడే ఈ తీరునంతా కూర్చుని గమనించి రాశాడట. మరమనిషి ఇది తెలీకుండా తిన్నగా మధ్యలోకి వచ్చి నిలబడితే, పిలవని పేరంటానికి వచ్చినట్టే కదా!

ఇక మన తెలుగు సంగతి. అమ్మాయి చెబుతుండగా నాకే తట్టింది. వసారాలో కూర్చుని మరమనిషి “మీరు కాఫీ తాగారా?” అందనుకోండి. ‘మీరు’ అంటే పెద్దావిడ ఒక్కరినేనా, అందరినీ కలిపా? పిల్లాణ్ణి ‘మీరు’ అంటే నవ్వుతారు, టీచరమ్మగారిని ‘నువ్వు’ అంటే ఇక ఆ గడప తొక్కరు. వయసు చూసి, వరస తెలుసుకుని, పిన్నిగారూ అనాలో అమ్మాయ్ అనాలో తేల్చుకోవాలి. ఇంగ్లీషు వాళ్లకి చిన్నాపెద్దా అందరికీ ఒకే ‘యు’ సరిపోతుంది గాని, ఒకరినా నలుగురినా అన్న తంటా వాళ్లకీ తప్పదు. మరి మనం ఎలా తేలుస్తున్నాం? చూపుతో! ఎవరి ముఖంలోకి చూసి అడిగితే ఆ ‘మీరు’ వాళ్లది.

అమ్మ అడిగింది అదే కదా!

వడ్డించే చూపు

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు’ అని మన పెద్దలు వూరికే అనలేదు. 2009లో అమెరికా, జపాన్ పరిశోధకులు కలిసి చేసిన పనిలో సరిగ్గా ఇదే తేలింది. రోబోవీ అనే మరమనిషిని ప్రయాణాల ఏజెంటులా పెట్టి, ఇద్దరేసి మనుషులతో మాట్లాడించారు. మాట ఒకటే, మార్చింది చూపుని. కొన్నిసార్లు ఇద్దరినీ సమంగా చూసింది. కొన్నిసార్లు ఒకరితోనే మాట్లాడుతూ రెండోవారిని అప్పుడప్పుడు పలకరింపుగా చూసింది. ఇంకొన్నిసార్లు రెండోవారివైపు అసలు తిరగనేలేదు.

చూపు అందినవాళ్లు మాట కలిపారు. అందనివాళ్లు ఎవరూ నోరు మూసుకోమనకపోయినా దాదాపుగా మౌనంగా వుండిపోయారు. మొదట్లో, చివర్లో ఒక్కసారి చూసి పలకరించినా సరే, ఆ మరమనిషి నచ్చిందన్నారట. అదొక యంత్రం, దాని కళ్లు ప్లాస్టిక్ కళ్లు అని అందరికీ తెలుసు. అయినా మనసు అలా వుంటుంది మరి! బొట్టు పెడుతూ పెడుతూ ఒకరిని వదిలేసి పక్కావిడ దగ్గరికి వెళితే, ఆ వదిలేసినావిడ పేరంటమంతా ఎలా కూర్చుంటుందో మనం చూడలేదా?

అయితే అదే చూపుతో మేలు కూడా చేయొచ్చునట. 2019లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు ఒక మైకునే రోబోగా చేశారు. ముఖం లేదు, మాట లేదు. బల్ల మధ్యలో నిలబడి అటూ ఇటూ తిరుగుతుంది, ముందుకి వంగుతుంది, అంతే. చుట్టూ ముగ్గురు కూర్చుని ఒక చిక్కు సమస్య మాట్లాడుకుంటుంటే, ఎవరు తక్కువ మాట్లాడారో కనిపెట్టి వాళ్లవైపు మెల్లగా తిరిగి వంగేది, ‘మీరేమంటారు?’ అన్నట్టు. దాంతో ముగ్గురూ ఒకరి మాటకి ఒకరు ఊ కొట్టడం మరింత సమంగా నడిచింది, సమస్య తేల్చడమూ మెరుగైందట.

ఇది విన్నప్పుడు నాకు పక్కింటి పిన్నిగారు కళ్ల ముందు మెదిలారు. ఆవిడకి వినబడదని ఆ వసారాలో అందరికీ తెలుసు. అమ్మ ఏదైనా ముఖ్యమైన మాట అనేముందు పిన్నిగారి మోకాలి మీద చెయ్యేస్తుంది. ఆవిడ తలెత్తి అమ్మ పెదవులు చూస్తారు. అప్పుడు అమ్మ మాట మొదలుపెడుతుంది. కార్నెల్ వాళ్లు మైకుకి నేర్పింది అమ్మ ఎక్కడ నేర్చుకుందో!

తప్పు ఒప్పుకున్న యంత్రం

నాకు అన్నిటికన్నా నచ్చింది 2020లో బయటికొచ్చిన యేల్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన. ముగ్గురు మనుషులు, ఒక చిన్న రోబో కలిసి ఒక జట్టు. పలక కంప్యూటర్ల మీద రైలు పట్టాలు వేసే ఆట. అలాంటి జట్లు 51, మొత్తం 153 మంది. ఆటలో మధ్యమధ్య రోబో తప్పు చేసేది. కొన్ని జట్లలో అది ‘అయ్యో, ఈసారి నావల్లే పోయింది’ అన్నట్టు తనే ఒప్పుకునేది, చిన్న జోకులు వేసేది. కొన్ని జట్లలో ఆట లెక్కలు మాత్రం పొడిపొడిగా చెప్పేది. కొన్నిటిలో అసలు నోరే మెదపలేదు.

తప్పు ఒప్పుకున్న రోబో వున్నచోట ఏం జరిగిందో తెలుసా? మనుషులు ఆ రోబోతో కాదు, ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకున్నారు! మాటలు కూడా ఒకరే లాగేసుకోకుండా పంచుకున్నారు. ఆట కూడా బావుందన్నారు.

ఇందులో వింతేముంది? కొత్తగా వచ్చిన కోడలు పులుసులో ఉప్పు ఎక్కువై, తనే ముందు “నా చెయ్యి జారిందండీ” అని నవ్వేసిందనుకోండి. పంక్తిలో వున్నవాళ్లంతా తేలికపడి, తమ తమ కొత్తకాపురం రోజుల ఉప్పూ కారం కథలు ఎత్తుకుంటారు. బిగుసుకుని కూర్చున్న మనిషి పక్కన ఎవరికీ నోరు పెగలదు. యంత్రమైనా అంతే.

పిల్లల మూక

మరమనిషిని అందరూ గౌరవిస్తారనుకుంటున్నారేమో! జపాన్‌లో ఒసాకాలోని ఒక షాపింగ్ సెంటర్‌లో రోబోని తిరగడానికి వదిలితే, పిల్లలు గుంపుగా చేరి దారికి అడ్డం నిలబడటం, తిట్టడం, తన్నడం మొదలుపెట్టారట. ఒక్కడే వుంటే బుద్ధిగా చూసి వెళ్లే పిల్లాడు, నలుగురు కలిస్తే, పెద్దవాళ్లు పక్కన లేకపోతే చెలరేగిపోయేవాడు. 2015లో అక్కడి పరిశోధకులు దానికొక ఉపాయం రాశారు. పిల్లల మూక చేరేలా వుంటే రోబో మెల్లగా అక్కణ్ణించి జారుకుని పెద్దవాళ్లున్న వైపు వెళ్లిపోవాలి!

మా అమ్మాయి ఇది చెప్పగానే నేను కత్తిపీట పక్కన పెట్టి నవ్వాను. వీధిలో పిల్లలు ఏడిపిస్తే అమ్మ కొంగు చాటుకి పరిగెత్తినట్టు లేదూ! కానీ ఇందులో నవ్వులాట కాని సంగతి కూడా వుంది. నలుగురిలో చేరితే మనిషి మారిపోతాడు. ఒక్కొక్కరితో ఎలా మెలగాలో నేర్పినంత మాత్రాన యంత్రానికి గుంపు తెలియదు. అమ్మ వసారాలో ఆ నాలుగేళ్ల పిల్లాడు వున్నాడు కదా. వాడి చేతికి చిక్కిన మొదటి రోజే ఎల్లీక్యూ తల వూడిపోతుందని అమ్మ జోస్యం.

పారో అనే సీల్ పిల్ల

ఇవన్నీ వింటే యంత్రాలు మనకి వద్దేవద్దు అంటున్నాననుకునేరు. అలాకాదు. పారో గురించి చెప్పాలి.

జపాన్‌లో తకనోరి షిబాటా అనే ఆయన 1993లో మొదలుపెట్టి తయారుచేసిన బొమ్మ అది. మంచుసముద్రాల్లో వుండే సీల్ అనే జంతువు పిల్లలా తెల్లటి బొచ్చుతో వుంటుంది. రెండున్నర కిలోల పైన బరువు, అచ్చంగా చంటిబిడ్డని ఎత్తుకున్నట్టే. నిమిరితే కళ్లు మూసి తెరుస్తుంది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది, కూనలా మూలుగుతుంది. మాటలు మాత్రం రావు. కుక్కనో పిల్లినో చెయ్యకుండా సీల్ ఎందుకంటే, కుక్కలూ పిల్లులూ అందరూ చూసినవే కాబట్టి ‘అసలుదానిలా లేదే’ అని వంక పెడతారట. సీల్ పిల్లని దగ్గరగా చూసినవాళ్లెవరు? జపాన్‌లో 2005లో అమ్మకానికి వచ్చింది. 2009లో అమెరికా ప్రభుత్వం దాన్ని వైద్య పరికరాల లెక్కలోకి తీసుకుంది. అక్కడ ధర 6 వేల డాలర్ల దాకా, అంటే మన లెక్కలో ఐదు లక్షల పైమాటే.

జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో రెండు పారోలని రోజుకి తొమ్మిది గంటలకి పైగా అందరూ కూర్చునే చోట పెట్టారు. 67 నుంచి 89 ఏళ్ల వయసున్న 12 మందిని గమనించారు. వాళ్లు పారోతో ఆడుకోవడమే కాదు, దాని చుట్టూ చేరి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం పెరిగింది. మూత్ర పరీక్షల్లో కూడా ఒత్తిడిని శరీరం తట్టుకునే తీరు మెరుగైనట్టు తేలింది.

ఇక్కడే నాకు అసలు విషయం తెలిసింది. పారోని ఒక్కొక్కరి గదిలో పెట్టలేదు, నలుగురు చేరే చోట పెట్టారు. ఇంట్లో చంటిపిల్ల వుందనుకోండి. పలకరింపుల్లేని తోడికోడళ్లు కూడా ‘ఎంత ముద్దొస్తోందో’ అని ఒకచోట చేరతారు. పిల్ల ఏమీ మాట్లాడదు, మాట్లాడించేస్తుంది. మంచి మరమనిషి పని అదీ! మనుషుల మాటలు తనవైపు లాక్కోవడం కాదు, మనుషుల మధ్య మాటలు పుట్టించడం.

వసారాలో మాట ఎక్కడికి పోతుంది?

ఒక్కటి మాత్రం నన్ను బాగా భయపెట్టింది. నలుగురి మాటలూ వినాలంటే యంత్రానికి మైకులు, కెమెరాలు ఎప్పుడూ తెరిచే వుండాలి. అమ్మ ఇంట్లో పెట్టుకుంటే అమ్మ సరేనంది, బాగానే వుంది. కానీ పిన్నిగారిని ఎవరడిగారు? టీచరమ్మగారిని ఎవరడిగారు? ఆ కోడలుపిల్ల తన ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని మాట ఒక్కోరోజు అమ్మ దగ్గర చెప్పుకుని కళ్లు తుడుచుకుని వెళుతుంది. బల్ల మీద ఒక దీపం తల తిప్పి తనవైపు చూస్తుంటే ఆ పిల్ల నోరు విప్పుతుందా? ఆ మాటలు ఏ దేశంలో ఏ కంపెనీ పెట్టెలో చేరతాయో ఆ పిల్లకేం తెలుసు?

ఇంకోటి. యేల్ వాళ్ల ఆటలో పాల్గొన్న చిన్న రోబో పేరు జిబో. 2017లో ఇళ్లకి అమ్మారు. వ్యాపారం నిలబడక 2019లో దాన్ని నడిపించే సర్వర్లు మూసేస్తున్నామన్నారు. జిబో తనే ఆ సంగతి ఇంటివాళ్లకి చెప్పి వీడ్కోలు తీసుకుంది. దానికి అలవాటుపడ్డ పిల్లలు, పెద్దలు ఏమైపోవాలి? మిక్సీ పాడైతే ఇంకోటి కొంటాం. రోజూ పేరు పెట్టి పిలిచింది ఆగిపోతే?

మేమేం చేశామంటే

ఒక ఆదివారం ముగ్గురం వీడియోలో కలిశాం. అమ్మ పక్కన నేను కూర్చుని మా అమ్మాయి చెప్పినవన్నీ తమ్ముళ్లకి చెప్పాను. చిన్నవాడు కాసేపు మాట్లాడలేదు. “ఇంత దూరాన వుండి అమ్మకి ఏదో ఒకటి చేద్దామనుకున్నానక్కా” అన్నాడు చివరికి.

అప్పుడు అమ్మ ఫోను తన వైపు తిప్పుకుంది. “చెయ్యొద్దని ఎవరన్నార్రా? వసారాలో ఎండాకాలం కూర్చోలేక వీళ్లు రావడం మానేస్తున్నారు. మంచి ఫ్యాను పెట్టించు. నేల మీద కూర్చుంటే పిన్నిగారు లేవలేకపోతోంది, చేతులున్న కుర్చీలు నాలుగు కొనిపెట్టు. కాదు, ఐదు కొను. నువ్వొచ్చినప్పుడు నువ్వెక్కడ కూర్చుంటావు?” అంది.

వాడు టికెట్ల మాట ఎత్తలేదు, మేమూ అడగలేదు. ఫ్యాను, ఐదు కుర్చీలు మాత్రం వారంలో వచ్చాయి.

రేపు అమ్మ మంచం పట్టి వసారాలోకి రాలేని రోజు వస్తే? ఆ నలుగురిలో ఒక్కొక్కరూ తగ్గిపోతే? అప్పుడు నేనే పారో లాంటిదాన్ని వెతుక్కుంటానేమో, చెప్పలేను. మంచాన పడ్డవాళ్లకి, మతిమరుపు వచ్చినవాళ్లకి సేవ చేసే ఇళ్లల్లో అది ఎంత ఆసరాయో చేసేవాళ్లకే తెలుస్తుంది. అందుకే ‘వద్దు’ అని కాదు, ఏదైనా ఇంటికి తెచ్చేముందు ఈ నాలుగూ అడగండి అని చెబుతాను.

ఒకటి, అది ఒక్కరితోనే మాట్లాడుతుందా, నలుగురిలో ఎవరినీ వదలకుండా పలకరించగలదా? ముఖ్యంగా మెల్లగా మాట్లాడేవాళ్లని, చెవుడున్నవాళ్లని.

రెండు, అది వచ్చాక ఇంట్లోవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం పెరుగుతుందా, తగ్గుతుందా? పది రోజులు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

మూడు, దాని మైకు, కెమెరా ఆపడానికి బటన్ వుందా? ఇంటికొచ్చేవాళ్లకి ఆ సంగతి ముందే చెబుతున్నామా?

నాలుగు, కంపెనీ మూతపడితే అది పనిచేస్తుందా, బొమ్మలా మిగులుతుందా?

దుకాణంవాడు వీటికి తిన్నగా జవాబు చెబితే కొనండి. నసిగితే ఆ డబ్బుతో మీ ఇంట్లో పెద్దవాళ్ల చుట్టూ నలుగురు చేరడానికి ఏం కావాలో వాళ్లనే అడగండి. కుర్చీ కావచ్చు, కళ్లజోడు కావచ్చు, చెవి మిషను కావచ్చు. మా పిన్నిగారి చెవి మిషను సంగతి వాళ్లబ్బాయితో టీచరమ్మగారే మాట్లాడతానన్నారు. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే ఆ అబ్బాయి కాదనలేడని మా అందరి నమ్మకం!